గులాబ్ నుదుటి సున్నం

సదర్‌కు ఇంకా పన్నెండు రోజులు ఉందనగా గులాబ్ నుదుటి మీద సున్నం చూశాను.

గులాబ్ మా దున్నపోతు. దూడగా ఉన్నప్పుడు పక్కింటి పూలకొట్టు వాళ్ల గులాబీల బుట్ట మొత్తం తినేసిందని మా అమ్మ రుక్మాబాయి దానికా పేరు పెట్టింది. ఇప్పుడు దానికి అయిదేళ్లు. రోజూ పొద్దున ఆవనూనెతో రుద్దితే ఒళ్లు నల్లరాయిలా మెరుస్తుంది. ఆ నలుపు మీద, రెండు కొమ్ముల మధ్య, అరచేయంత తెల్లటి మరక. వేలితో గీకి చూశాను. సున్నమే.

మా కొట్టంలో గోడలకు సున్నం లేదు. కింద సిమెంటు, పైన ఉత్త రాయి. సున్నం కొట్టించింది కప్పుకు ఒక్కదానికే. ఆ కప్పు నేల నుంచి తొమ్మిదడుగులు. గులాబ్ తల ఎత్తి నిలబడితే ఆరడుగులు. మిగిలిన మూడడుగులు దానికి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అర్థం కాలేదు.

గౌలిపురలో మాది మూడు తరాల పశువుల బేరం. పళ్లు తెరిచి చూడకుండానే బర్రె ఎన్ని ఈతలు ఈనిందో చెబుతాను. నడక చూసి గిట్టల్లో పుండు ఉందో లేదో చెబుతాను. ఎదుటివాడు దాచేది నాకు కనిపించాలి, నేను దాచేది ఎదుటివాడికి కనిపించకూడదు. ఇంతకు మించి నా వృత్తిలో విద్య లేదు. ఆ విద్యతోనే గులాబ్‌ను తయారు చేయించాను.

సదర్ అంటే మా వాళ్లందరికీ తెలిసిందే. దీపావళి పోయిన రెండో రోజు దున్నలకు పూలదండలు, నెమలి ఈకలు, కాళ్లకు గజ్జెలు కట్టి బజారుకు తెస్తాం. డప్పులు మోగుతాయి. ఆడించేవాడు ముకుతాడు లాగితే దున్న ముందుకాళ్లు గాలిలోకి లేపి, వెనక కాళ్ల మీద మనిషిలా నిలబడుతుంది. జనం ఈలలు వేస్తారు. ఎవరి దున్న ఎంతసేపు నిలబడిందన్నది మళ్లీ సదర్ దాకా వాడలో చెప్పుకుంటారు. పేరు వచ్చిన దున్నకు పుట్టిన దూడల కోసం కర్నాటక నుంచి కూడా వస్తారు.

అయితే డప్పుకు లేచే దున్నలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. నాకు డప్పు లేకుండా లేచేది కావాలి. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉండాలి. ముకుతాడు ఎవరూ లాగకూడదు. దున్న తనంతట తానే లేచినట్టు ఉండాలి. చూసినవాడు నోరు తెరవాలి.

అందుకే బుచ్చయ్య కాకను పెట్టుకున్నాను. యాకుత్‌పురా స్టేషను వెనక ఉంటాడు. డెబ్బై దాటాయి, కుడి చెయ్యి ఒకప్పుడు ఒక దున్న విరిచిన చెయ్యి. ఆయన నేర్పిన దున్న ఇంతవరకు జనంలో బెదరలేదు. నా ఆలోచన చెప్పాను. మడమతో నేల మీద కొట్టాలి. రెండు దెబ్బలు, ఒక ఆపు, మూడు దెబ్బలు. అది వినగానే లేవాలి. ఆ లెక్క మళ్లీ మళ్లీ పడుతున్నంతసేపు నిలబడాలి. ఆగితే దిగాలి. చెప్పుల కాలు నేల మీద ఆడితే ఎవడు గమనిస్తాడు?

బుచ్చయ్య కాక బీడీ ఆర్పి నా కాళ్ల వైపు చూశాడు.

"డప్పుకు నేర్పితె పండుగ అయినంక మరుస్తది రవీందరా. ఇంట్ల డప్పు మోగది గద. నేల మీది చప్పుడుకు నేర్పితె, నేల ఎక్కడైనా ఉంటది."

"ఎవరికి తెలుస్తది కాకా? నీకు, నాకు."

"దున్నకు తెలుస్తది," అన్నాడు.

ఆరు నెలలు పట్టింది. మొదట మేత తొట్టి గోడ మీద ముందుకాళ్లు పెట్టడం నేర్పాడు. తొట్టి గోడ నడుమెత్తు ఉంటుంది. పెట్టిన ప్రతిసారి నోటికి ఒక బెల్లం ముక్క. తర్వాత బయట ఖాళీ స్థలంలో, గోడ ఆసరా లేకుండా. దిగేటప్పుడు ఆయనే తాడు పట్టి వెనక్కి గుంజేవాడు, ముందుకు పడకుండా. ఈ పనంతా ఖాళీ స్థలంలోనే జరిగేది. కొట్టంలో మడమ చప్పుడు చేయకూడదని నాకు గట్టిగా చెప్పాడు. నేను కొట్టంలోకి చెప్పులు విప్పే వెళ్లేవాణ్ని.

మరి కప్పు సున్నం నుదుటికి ఎట్లా అంటింది?

*

మా ఇల్లు కింద కొట్టం, మీద రెండు గదులు. కప్పు షాబాదు బండలది, బండల కింద ఇనుప గడ్డర్లు. ఒక గడ్డరు దిగిన రాతి స్తంభానికే గులాబ్‌ను కడతాం. మీద చెంబు పడినా కింద స్తంభంలో ఆ అదురు తెలుస్తుంది.

ఆ మీది గదిలోకి డ్యాన్స్ మ్యాట్ తెచ్చింది కూడా నేనే. సదర్‌కు నెల ముందు జుమ్మెరాత్ బజారులో పాత గొలుసుల కోసం వెతుకుతుంటే ఒకాయన దుప్పటి మీద పెట్టుకుని కూర్చున్నాడు. తివాచీలా పరిచే ప్లాస్టిక్ చాప, దాని మీద నాలుగు బాణం గుర్తులు, టీవీకి తగిలించే వైరు. టీవీలో పాట వస్తుంటే బాణాలు కింది నుంచి మీదికి లేస్తాయి. ఏ బాణం పైనున్న గీత దాకా వస్తే ఆ బాణం మీద అప్పుడే కాలు వేయాలి. ముందు వేసినా తప్పే, వెనక వేసినా తప్పే.

"చల్తా హై నా?" అని అడిగాను.

"చల్తా నై భాయ్, నాచ్తా హై," అన్నాడాయన, నడవదట, నాట్యమాడుతుందట. నవ్వించినవాడి దగ్గర బేరం ఎక్కువసేపు నడవదు. తెచ్చేశాను.

నా బిడ్డ సోనీకి పదకొండేళ్లు. ఆ చాపను చూసిన రోజు నుంచి బడి నుంచి రాగానే సంచి మూలకు విసరడం, చాప పరచడం.

"మీద ఇది దుంకుతుంటె కింద బర్లు పాలు చేపుతయా?" అని నా భార్య ఆండాలు లొల్లి పెట్టింది.

"నాలుగింటికే పిండుకుంటున్నం గద. ఇది ఆడేది నాలుగున్నరకు. ఫికర్ చెయ్యకు," అన్నాను.

పితికిన పాలు డబ్బాల్లో పోసుకుని నేను నాలుగూ పదికి బండి మీద బయలుదేరతాను. హోటళ్లకు వేసి తిరిగి వచ్చేసరికి ఆరు. కాబట్టి సోనీ ఆడే వేళకు నేను ఎన్నడూ ఇంట్లో లేను. ఒక్క ఆదివారం కూర్చోబెట్టి చూపించింది. మొదటి పాట, రెండో పాట. టీవీ మోతలో దాని కాళ్ల చప్పుడు నాకు వినబడలేదు.

ఆ రోజే అడిగింది. "బాపు, సదర్ల గులాబ్ తాడు నేను పట్టుకుంట."

"ఆడపిల్లవు, నీకెందుకే?"

"పోయినేడు అంజన్ పట్టుకోలేదా?" అంజన్ నా తమ్ముడి కొడుకు. "వాడు దున్న తుమ్మితె ఉరికిండు. నేను ఉరకను."

నేను బేరగాణ్ని. కాదని చెప్పడం కన్నా, తీరని షరతు పెట్టడం తేలిక. "దీంట్ల అన్నిటికంటె కష్టమైన పాట ఏది?"

"పదిహేడోది. ముందంత ఉత్తదే బాపు. ఆఖరి నలభై సెకన్లే కష్టం. ఒక్కటే లెక్క మళ్ల మళ్ల వస్తది, గాని మధ్యల ఒక ఆపు ఉంటది. ఆ ఆపు కాడ నా కాలు ఆగుతలేదు. పది సెకన్లకే తప్పుతున్న."

"ఒక్క అడుగు తప్పకుండ ఆ పాట ఆడు. తాడు నీ చేతికిస్త."

"ఒట్టేనా?"

"ఒట్టే."

అప్పుడే ఫోను మోగింది. ఆ లెక్క ఏమిటి, ఆ ఆపు ఎక్కడ అని నేను అడగలేదు. పశువు కొనేటప్పుడు తోక వెంట్రుకల దాకా చూసే నేను, నా బిడ్డ చెప్పినదాన్ని సగం వినే లేచాను.

*

సున్నం చూసిన మర్నాడు మరొకటి చూశాను. తొట్టి గోడకు ఇవతల, మనుషులు నడిచే దారిలో చీమల బారు. అది ఒక చిన్న బెల్లం పలుకు దగ్గర ఆగింది. కొట్టంలో బెల్లం పెట్టే అలవాటు మాకు లేదు. బెల్లం ఇచ్చేది బుచ్చయ్య కాక ఒక్కడే, అదీ ఖాళీ స్థలంలో.

మూడోది ఇంకో రెండు రోజులకు. తొట్టి గోడ అడుగున, నేల కలిసే చోట, వెంట్రుకంత బీట. మర్నాటికి అందులో నా గోరు దూరింది. గోడ దారి వైపు కొంచెం ఒరిగినట్టు అనిపించింది. గులాబ్ పలుపు కూడా నేను కట్టినదానికన్నా రెండు బెత్తెలు ఎక్కువ వదిలి ఉంది.

మూడూ కలిపాను. ఎవరో నేను లేనప్పుడు వస్తున్నారు. పలుపు వదులు చేసి, మడమ కొట్టి, బెల్లం ఇచ్చి గులాబ్‌ను లేపుతున్నారు. ఆ మడమ లెక్క తెలిసినవాళ్లు ఇద్దరే. నేను కాదు. కాబట్టి బుచ్చయ్య కాక ఎవరికో చెప్పాడు. సదర్‌కు దున్నలు తెచ్చే ధూల్‌పేట్ వాళ్లు ఇద్దరు ఈ మధ్య దున్నను చూసి పోతామని రెండుసార్లు వచ్చారు. ఇంకేం కావాలి?

ఇంట్లో వాళ్లను అడగాలని తోచలేదు. అడిగితే ఆండాలు గాబరా పడుతుంది. అమ్మకు రెండు చెవులూ వినబడవు, పెద్దగా అరిచి అడిగితే వాడంతా వింటుంది. దొంగను పట్టేదాకా నోరు విప్పకూడదనుకున్నాను.

రెండు రోజుల తర్వాత బుచ్చయ్య కాక వస్తే కొట్టం గుమ్మంలోనే ఆపాను.

"ఎవరికి చెప్పినవ్ కాకా?"

"ఏంది?"

"మడమ సంగతి."

ఆయన సున్నం చూశాడు. బీట చూశాడు. వంగి దారిలో కొత్తగా రాలిన బెల్లం పలుకు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. భయం వచ్చింది. దాన్ని నేను తప్పు చేసినవాడి భయమని చదివాను.

"ఇది నా బెల్లం గాదు. నేను తెచ్చేది నల్ల బెల్లం. ఇది పూజ బెల్లం," అన్నాడు. "ఇంట్లనే ఎవరో లేపుతున్నరు. మొదలు వాళ్లెవరో చూడు. నన్ను తర్వాత తిడుదువు."

"నా ఇంట్ల ఎవరికి తెలుసు ఆ లెక్క? నువ్వు ఇగ రాకు కాకా. సదర్ నాడు నేనే చూసుకుంట."

"తాడు ఎవరు గుంజుతరు?"

"గుంజే పని లేదు. అదే దిగుతది."

"గట్ల దిగది రవీందరా. అది దిగేటప్పుడు కాళ్లతోని తన్ని దిగుతది. ముందట ఏముంటె దాన్ని తంతది." కండువా భుజం మీద వేసుకున్నాడు. "ఆ తొట్టి గోడ కాడ ఎవరినీ కూసోనియ్యకు. కండ్ల ముంగటనే ఉంచుకో దాన్ని."

వెళ్లిపోయాడు. బెదిరించి పోతున్నాడనే అనుకున్నాను.

*

దొంగను నా కళ్లతో పట్టాలనుకున్నాను. సదర్‌కు నాలుగు రోజుల ముందు పాలడబ్బాలు మా తమ్ముడికి అప్పగించి, బండి మీద వెళ్లినట్టే వెళ్లి, సందు తిరిగి వెనక గుమ్మం నుంచి గడ్డి గదిలోకి వచ్చాను. ఆ గది కొట్టం దారికి ఎదురుగా ఉంటుంది. చెక్క తలుపు సందులోంచి తొట్టి గోడ, దాని వెనక గులాబ్ తల, అంతా కనిపిస్తుంది. మధ్య పది అడుగుల దారి. ఎండ ఇంకా పోలేదు. బర్రెలు నెమరు వేస్తున్నాయి. గులాబ్ మాత్రం నెమరు వేయడం లేదు. మీది మెట్ల వైపు చూస్తోంది.

నాలుగూ ఇరవై. నాలుగున్నర. గల్లీ తలుపు కదలలేదు.

మెట్ల మీద చప్పుడైంది. మా అమ్మ. ఒక చేతిలో నూనె గిన్నె, చంకలో పీట. మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టూ కూర్చున్నట్టే దిగుతుంది. రోజూ ఈ వేళకు గులాబ్ కొమ్ములకు నూనె రాస్తుందని నాకు తెలుసు. పీటను తొట్టి గోడకు ఇవతల, సరిగ్గా గోడ కింద వేసుకుని కూర్చుంది. కూర్చునే ముందు చెయ్యి చాపి పలుపు ముడి రెండు బెత్తెలు వదిలింది.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. కొమ్ములు అందడానికి వదిలిందనుకున్నాను.

మీద కుర్చీ జరిగింది. టీవీ పెట్టినట్టున్నారు. పాట కిందికి రాలేదు. బండల్లోంచి, గడ్డర్లోంచి, స్తంభంలోంచి కిందికి వచ్చింది అడుగులు మాత్రమే. గజిబిజి అడుగులు, ఏ లెక్కా లేనివి. అమ్మ కొమ్ములకు నూనె రాస్తోంది. గులాబ్ కళ్లు సగం మూసుకుంది.

ఎక్కడో ఒక చోట అడుగులు మారాయి.

రెండు దెబ్బలు. ఆపు. మూడు దెబ్బలు.

గులాబ్ చెవులు నిలబడ్డాయి.

రెండు. ఆపు. మూడు.

అమ్మకు చెవులు వినబడవు గానీ అరచెయ్యి తొట్టి గోడ మీద ఉంది. గోడలో అదురు ఆ చేతికి తెలిసింది. ఆమె ముఖం విచ్చుకుంది. నూనె గిన్నె కింద పెట్టి, నడుముకు దోపుకున్న చిన్న సంచిలోంచి బెల్లం ముక్క తీసి పైకి చూపింది.

గులాబ్ లేచింది. రెండు ముందుకాళ్లు తొట్టి గోడ మీద పడ్డాయి. ఆ బరువంతా గోడ మీద, గోడ మా అమ్మ మీదికి. నుదురు కప్పుకు తగిలింది. సున్నం పొడి రాలి అమ్మ జుట్టు మీద పడింది. ఆ జుట్టు ముందే తెల్లనిది. అందుకే ఇన్ని రోజులు ఎవరికీ కనిపించలేదు.

నా కూడికలో ముగ్గురూ నా ఇంటివాళ్లేనని అప్పుడు తెలిసింది. మీద కొట్టేది నా బిడ్డ. కింద బెల్లం ఇచ్చేది నా తల్లి. లెక్క పెట్టింది నేను.

ఇన్ని రోజులూ సోనీ పది సెకన్లకే తప్పేది. అడుగు తప్పగానే దున్న దిగేది. అంత తక్కువసేపు కాబట్టే గోడ నిలిచింది. ఈ రోజు పది సెకన్లు దాటాయి. సోనీ తప్పలేదు. గోడ అడుగు బీటలోంచి మట్టి జలజలా రాలుతోంది. పై వరస ఇటుకలు రెండు వేళ్ల మేర ముందుకు వచ్చాయి. అడుగులు ఆగితే గులాబ్ దిగుతుంది. దిగేటప్పుడు కాళ్లతో తన్ని దిగుతుంది. తన్నితే ఆ గోడ మిగలదు.

నలభై సెకన్లన్నది సోనీ. పన్నెండు అయిపోయి ఉంటాయి.

తలుపు మెల్లగా తోశాను. పరిగెత్తితే గులాబ్ బెదురుతుంది. బేరంలో నిలబడ్డవాడిలా చేతులు కిందికి పెట్టుకుని నడిచాను. మెట్ల మీద ఆండాలు కనిపించింది, తవుడు కోసం దిగుతూ. దున్నను చూసింది. కింద అత్తను చూసింది. మీదికి తిరిగి నోరు తెరవబోయింది.

చెయ్యి ఎత్తి ఆపాను.

"దాన్ని ఆపుమంటనయ్యా," అంది, గొంతు రాకుండా.

"ఆపకు. ఆడనియ్యి. అది ఆడినంతసేపే ఇది నిలబడతది."

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని మెట్టు మీదే కూలబడింది.

రెండు. ఆపు. మూడు. ఇరవై నాలుగు సెకన్లు.

అమ్మ నన్ను చూసి నవ్వింది. "వచ్చినవా. చూడు, నా బిడ్డడు ఎట్ల నిలబడ్డడో. పైన పిల్ల ఆడితె కింద వీడు ఆడుతడు. రోజూ గింతే."

ఆమెకు వినబడదు. చేతులు చంకల్లో పెట్టి లేపబోయాను. ఆమె మోకాళ్లు పట్టేశాయి. పైగా ఆమే విదిలించుకుంది. "ఆగరా, ఇంక బెల్లం ఇయ్యలే." చెయ్యి ఇంకా పైకే ఉంది. గులాబ్ నాలుక ఆ చేతికి జానెడు దూరంలో ఉంది. దాని ఊపిరి నా మెడ మీద పడుతోంది. దాని కన్ను నన్ను చూసింది. ఆ కంట్లో కోపం లేదు, బెదురు లేదు. చెప్పిన పని చేస్తున్న పశువు చూపు.

ముప్పై ఒకటి.

పీటతో సహా వెనక్కి లాగాను. పీట కోడు బండ సందులో ఇరుక్కుంది. పీట వదిలేసి అమ్మను ఒళ్లోకి ఎత్తుకుని వెనక్కి పడ్డాను. ఆమె తిడుతోంది. ముప్పై ఆరు. నా వీపు నేలకు తగిలి, మడమలతో తన్నుకుంటూ వెనక్కి జరుగుతున్నాను. నా మడమల చప్పుడు కూడా నేల మీద పడుతోందని అప్పుడు తోచి, కాళ్లు ఆపేశాను. మోచేతులతో జరిగాను.

మీద రెండు కాళ్లూ ఒకేసారి గట్టిగా పడ్డాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

గులాబ్ దిగింది.

గోడ ఒక్క ముక్కగా వచ్చింది. పీట ఎక్కడుందో కనబడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే అమ్మ నా మీదే ఉంది, ఊపిరి తీస్తోంది. ఎడమ పాదం మాత్రం ఇటుకల కింద ఉంది. చేతిలో బెల్లం ముక్క అట్లాగే ఉంది.

మెట్ల మీద పరుగున అడుగులు. సోనీ. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి, కళ్లు మెరుస్తూ, తల్లి కూర్చున్న మెట్టు మీదినుంచే అరిచింది.

"బాపు, ఒక్కటి కూడ తప్పలే."

*

ఆసుపత్రిలో అమ్మ ఎడమ పాదం రెండు వేళ్లు తీసేశారు. మత్తు దిగాక చెవి దగ్గర అరిచి అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెప్తె నువ్వు బెల్లం బంద్ చేస్తవు గదరా," అంది.

మర్నాడు యాకుత్‌పురా వెళ్లాను. బుచ్చయ్య కాక స్టేషను గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. తప్పయిందన్నాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"ఎన్ని రోజులు ఆడింది పిల్ల ఆ పాట?"

"పది, పన్నెండు."

"రోజుకు ఎన్నిసార్లు?"

"ఇరవై సార్లు అంటుంది. ఆదివారం ఇంక ఎక్కువ."

పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టాడు. "నేను ఆరు నెలల్ల నేర్పినదానికంటె ఎక్కువైంది. అదీ ముసలామె చేతి పూజ బెల్లంతోని. నాది ఏం లెక్క?"

"మరిపియ్యి కాకా. ఏమడిగినా ఇస్త."

"నేర్పుడొక్కటే నాకొచ్చు. మరిచేది అది మరవాలె."

"అమ్మేస్త మరి."

"చెప్పి అమ్ముతవా, చెప్పక అమ్ముతవా?"

చెప్పి అమ్మితే కొనేవాడు లేడు. చెప్పక అమ్మడం నాకు కొత్త కాదు. కుంటి బర్రెను అమ్మాను, చూడు నిలవక ఈసుకుపోయిన బర్రెను అమ్మాను, అవన్నీ కొన్నవాడి పాల డబ్బాకే నష్టం. ఆయన నా ముఖం చదివాడు.

"కొన్నోని ఇంట్ల గూడ నేల ఉంటది రవీందరా. వాని ఇంట్ల గూడ పిల్లలుంటరు," అన్నాడు. "రేపు ఇనుప గొలుసు పట్టుకోనొస్త. ఈ ఏడు సదర్‌కు తియ్యకు. ఖాళీ స్థలంల కట్టేద్దం, ఇంటికి దూరం."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చాప చుట్టేశాను. వైరుతో గట్టిగా కట్టి గడ్డి గదిలో దూలానికి వేలాడదీశాను. సోనీ చూస్తూ నిలబడింది. ఏడవలేదు.

"తాడు నాకొద్దు బాపు," అంది.

ఆసుపత్రి నుంచి తెచ్చిన అమ్మను మీది గదిలో మంచం మీద పడుకోబెట్టాం. పాదానికి కట్టు, ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంది. ఆండాలు బియ్యం ఏరుతోంది. సోనీ నేల మీద కూర్చుని లెక్కలు రాసుకుంటోంది. బయట మసక చీకటి పడుతోంది. టీవీ పెట్టలేదు. పక్కింట్లో పిల్లలు కాల్చే టపాకాయలు కూడా ఆ కాసేపు ఆగాయి.

కింద చప్పుడైంది.

గిట్ట. బండ మీద ఒక గిట్ట. రెండు దెబ్బలు.

ఆండాలు చేట మీద చెయ్యి ఆపింది.

మూడు దెబ్బలు. మధ్యలో ఆపు ఎంత ఉండాలో అంతే ఉంది. నా బిడ్డ కాలు ఆగలేకపోయిన ఆ ఆపు దగ్గర, అది ఆగింది.

కొంచెంసేపు ఏమీ లేదు. ఎవరో మీదినుంచి జవాబు చెప్తారని ఎదురుచూస్తున్నట్టు. మళ్లీ రెండు. ఆపు. మూడు. ఈసారి గట్టిగా. అన్నం గిన్నె మీది మూత అదిరింది.

"పిలుస్తుంది," అంది సోనీ, పెన్సిలు వైపే చూస్తూ. దాని కుడి కాలి బొటనవేలు బండ మీద ఒకసారి లేచి పడింది. నేను చూశానని చూసి ఆ కాలిని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

అమ్మ కళ్లు మూసుకునే ఉన్నాయి. ఆమెకు ఏమీ వినబడదు. గోడకు ఆనిన చెయ్యి అట్లాగే ఉంది. రెండో చెయ్యి మాత్రం నెమ్మదిగా కదిలి దిండు కిందికి వెళ్లింది, అక్కడ ఏదో వెతుక్కుంటూ.